ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు

పదేళ్లు దాటింది ఈ వాక్యం రాసి. ఇంగ్లిషులో రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇంతే: చికిత్స జరిగినప్పుడు గానీ, ఆ తర్వాత గానీ, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. విదేశాల్లో వచ్చే ఒక వైద్య పత్రికలో అచ్చయింది. ఇప్పటికీ ఉంది, ఎవరు వెతికినా దొరుకుతుంది. అది అబద్ధమని మొన్నమొన్నటి దాకా నాకు ఒక్కదానికే తెలుసు. పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొస్తుంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మరీ గుర్తొస్తుంది. ఎంతకాలమని మొయ్యను? అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు, బహుశా అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను.

ఏడవడానికి కూర్చోలేదు, ముందే చెబుతున్నాను. ఏడిస్తే నా మీద నాకే జాలి పుడుతుంది. జాలి పుడితే మళ్లీ కథ మార్చేస్తాను. ఇన్నేళ్లూ చేసింది అదే.

మాది యాంగాన్‌లో, అంటే పాత రంగూన్‌లో, పజుండౌంగ్ పేట. మా ముత్తాత రేవులో మూటలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి యాంగాన్ వచ్చాడు. తాత కూడా మూటలే మోశాడు. నాన్న గోదాములో గుమాస్తా అయ్యాడు. నేను చదువుకున్నాను. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్, పుస్తకాల్లో ఇంగ్లిషు. ఈ మూడు భాషలూ తెలిసినందుకే నాకు ఆ ఉద్యోగం వచ్చింది. మూడు భాషలూ కలిసి నన్ను ముంచాయి అని రాయబోయి ఆగాను. భాషలేం చేశాయి పాపం? చేసింది నేను.

ఉద్యోగం లత అనే పేటలో, ఇరుకైన మెట్లెక్కి వెళ్లే ఒక క్లినిక్‌లో. డాక్టర్ని అందరం సయా అనేవాళ్లం. ఇక్కడ డాక్టర్నైనా పంతులునైనా అలాగే పిలుస్తారు. ఆయనది ఆస్టియోపతి. మందులు తక్కువ, చేతులతో పని ఎక్కువ. ఎముకల్నీ కండరాల్నీ కీళ్లనీ పట్టి చూసి, నొక్కి, తిప్పి సరిచేసే వైద్యం. నడివయసులో విదేశం వెళ్లి నేర్చుకుని వచ్చారు. ఊళ్లో మిగతా డాక్టర్లకు ఆయనంటే ఎగతాళి. మెడలు విరిచే డాక్టరు అని వెనకాల నవ్వేవారు. ఆ మాట ఆయన చెవిన పడేది. కోపం తెచ్చుకునేవారు కాదు గానీ ఆ రోజంతా టీ కూడా ముట్టేవారు కాదు. "పెద్ద పత్రికలో ఒక్క పరిశోధన పేపరు పడనీ, థమీ. అప్పుడు చదువుకుని మాట్లాడతారు" అనేవారు. థమీ అంటే కూతురు. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ.

ఆ పేపరు దేని మీదో చెబుతాను. మీరు యాంగాన్ చూసి ఉంటే, తలమీద పళ్లెం పెట్టుకుని వీధుల్లో తిరిగి అమ్ముకునే ఆడవాళ్లను చూసే ఉంటారు. ఉడికించిన శనగలు, వడలు, పళ్లు, చేపలు, ఏదైనా నెత్తిమీదే. వాళ్లందరికీ మెడ నొప్పే. సయా వాళ్లకు డబ్బు తీసుకోకుండా చూశారు. మెడను రెండు చేతులతో పట్టుకుని, ఒక పక్కకు వంచి, ఒక్క విసురుతో తిప్పేవారు. టక్కుమనేది. చాలామందికి ఆ క్షణమే హాయిగా ఉండేది, నా కళ్లతో చూశాను. అలా చూసిన వాళ్లందరి వివరాలూ చేర్చి పేపరు రాయాలన్నది ఆయన కోరిక. మనుషుల్ని పోగుచెయ్యడం, మాట అటూ ఇటూ చెప్పడం, తర్వాత ఎలా ఉందో కనుక్కోవడం, ఇంగ్లిషులో రాయడం నా పని. మంచి పేపరు వస్తే అందులో నా పేరు కూడా ఉంటుందని మాటిచ్చారు. రెండో పేరు.

ఒక విషయం అర్థం కాకపోతే మిగతాదేదీ మీకు అర్థం కాదు. మనకు మొహమాటం ఉంది కదా, ఇక్కడి వాళ్లకు ఆనాదే అని ఉంది. మన మొహమాటానికి అన్నయ్య వరస. ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టలేక మన ఇబ్బంది మనమే మింగెయ్యడం. ఈ ఊళ్లో నాలుగు తరాలున్న మాకు రెండూ అలవడ్డాయి. ఉచితంగా చూసిన డాక్టరు ఎదురుగా నిలబడి తగ్గలేదండీ అనే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అందరూ బాగుందనేవారు. బాగుందా అని అడగక ముందే బాగుందనేవారు. ఇది మొదట పట్టుకున్నది నేనే. "ఇలా అయితే మన లెక్కలన్నీ అబద్ధాలవుతాయి సయా" అన్నాను. తెల్లకోటు ఎదురుగా అడగొద్దు, వాళ్ల ఇంటి దగ్గర, వాళ్ల భాషలో, నేను ఒక్కదాన్నే వెళ్లి అడుగుతాను అన్నాను. ఆయన మురిసిపోయారు. పేపర్లో ఒక పేరా నిండా ఆ పద్ధతి గురించే రాశాను. రోగులు మొహమాటం లేకుండా నిజం చెప్పడానికి ఈ ఏర్పాటు చేశామని.

గుర్తుపెట్టుకోండి. నిజం చెప్పించడానికి నేను కనిపెట్టిన పద్ధతి అది. ఆ పద్ధతి పనిచేసింది. నిజం చెప్పారు.

రాహేలమ్మ అత్త మా చర్చిలో మనిషి. మేం తెలుగు బాప్టిస్టులం. ఆమె నాకు చుట్టం కాదు గానీ మా వీధి పిల్లలందరికీ అత్తే. వడల పళ్లెం నెత్తిన పెట్టుకుని పజుండౌంగ్ సందులన్నీ తిరిగి, నది అవతల దలాకు వెళ్లే పడవలు ఆగే రేవు దాకా వెళ్లి అమ్మేది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ పళ్లెంతోనే పెంచింది. క్లినిక్‌కు ఆమెను తీసుకెళ్లింది నేనే. రానంటే బతిమాలి తీసుకెళ్లాను. మూడోసారి చికిత్స అయ్యాక ఆమె మెట్ల మధ్యలో గోడ పట్టుకుని కూలబడింది. మంచినీళ్లిచ్చాను. ఆకలి మీద వచ్చి ఉంటుందనుకున్నాను. కాసేపటికి లేచి, నవ్వి, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కొన్ని రోజుల తర్వాత వాళ్ల సందుకు వెళ్లాను. వాకిట్లో చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆమె ఇంటి దగ్గర ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"అత్తా, మెడ ఎలాగుంది?" అన్నాను.

"మెడకేటమ్మా, బంగారంలాగుంది. నొప్పన్నదే నేదు."

"మరి పళ్లెమేది? ఇవాళ అమ్మకానికి వెళ్లలేదా?"

పకపకా నవ్వింది. "పళ్లెమెత్తితే కదే అమ్మీ! లేస్తే సాలు, బూమి గిర్రున తిరిగిపోతంది. ఆ పొద్దు మెట్లు దిగినకాణ్ణించీ ఇంతే. ఈ సెయ్యి సూడు." ఎడమ చెయ్యి చాపింది. "పిడికిలి ముయ్యంటే ముయ్యదు. పిండి కలపతంటే యేళ్లు నాయి కావేమో అనిపిస్తంది."

"సయాకి చెప్పావా?"

"ఓలమ్మో, ఆయనకి సెప్పడమేటి! పైసా అట్టుకోకండా సూసినాడు మారాజు. నీ వల్లే ఇలగైపోనాదని మొకం మీద ఎలగంటాను? ఆనాదే కాదేటి? నువ్వూ సెప్పకు. ఒట్టెయ్."

"అత్తా, పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకుంటే..."

"సూద్దాంలే. అదే తగ్గిపోద్ది. ముందు ఒట్టెయ్ నువ్వు."

ఒట్టేశాను. ఒట్లు పెట్టుకోకూడదని మా పాస్టరుగారు చెబుతూనే ఉంటారు. అయినా వేశాను, వెంటనే వేశాను. అంత తొందరగా ఎందుకు వేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు తెలుసు. అదీ సంగతి. పేపరు రాయడం కోసం అంతకుముందు వచ్చిన పేపర్లన్నీ చదివాను. మెడను ఒక్క విసురుతో తిప్పితే, చాలా అరుదుగా, మెదడుకు వెళ్లే రక్తనాళం దెబ్బతినొచ్చని వాటిలో ఉంది. కళ్లు తిరగడం, చెయ్యి పట్టు తప్పడం దాని గుర్తులని ఉంది. అలా కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఉంది. ఆ వాకిట్లో నిలబడి ఆమె వేళ్లు చూస్తున్నప్పుడు ఆ పేజీ నా కళ్ల ముందు కనబడుతూనే ఉంది. ఆమెను రెక్క పట్టుకుని సైకా రిక్షా ఎక్కించి ఆసుపత్రికి లాక్కెళ్లొచ్చు. క్లినిక్‌కు అలాగే కదా తీసుకెళ్లాను? బతిమాలి, బలవంతం చేసి. అప్పుడు లేని మొహమాటం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

ఆసుపత్రిలో డాక్టరు అడుగుతాడు, ఏం జరిగిందని. మెడ తిప్పారు అంటుంది. ఎవరు అంటాడు. సాయంత్రానికల్లా ఊళ్లో డాక్టర్లందరికీ తెలిసిపోతుంది. పేపరు పోతుంది. ఈ ఆలోచన ఆ వాకిట్లోనే వచ్చింది నాకు, ఆమె ఇంకా చెయ్యి చాపి ఉండగానే. ఛీ అనుకున్నాను. అనుకుని, జాగ్రత్త అత్తా అని చెప్పి, ఇంటికొచ్చేశాను. చాలా ఏళ్లు నేను ఈ భాగం గుర్తు తెచ్చుకునేదాన్ని కాదు. ఒట్టు మటుకే గుర్తుండేది. పెద్దావిడ ఒట్టేయించుకుంది, మాట తప్పలేకపోయాను పాపం అని.

ఇంకోటి చెప్పాలి. రాసేటప్పుడు ఒక్కొక్కరికీ నొప్పి ముందు ఎంత, తర్వాత ఎంత అని వేశాం. రాహేలమ్మ అత్తకు నొప్పి లేదు. నిజమే, నొప్పి లేదు. బరువెత్తని మెడకు నొప్పెందుకుంటుంది? పళ్లెం ఎత్తలేకపోయింది కాబట్టి మెడ హాయిగా ఉంది. మా పేపర్లో అందరికంటే బాగా కోలుకున్నది ఆమే. ఆ వరస టైపు చేస్తుంటే నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత టైపు చేసేశాను.

పేపరు పంపాం. పత్రిక వాళ్లు దాన్ని విషయం తెలిసిన ఇద్దరికి చూపిస్తారు. వాళ్ల పేర్లు మనకు చెప్పరు. ఒకరు మా పద్ధతిని తెగ మెచ్చుకున్నారు, రోగుల ఇంటికెళ్లి వాళ్ల భాషలో అడగడం ఎంతో మంచి ఆలోచన అని. రెండో మనిషి ఆడో మగో తెలియదు, ఒకే ప్రశ్న వేశారు. ఇంతమంది మెడలు తిప్పితే ఒక్కరికైనా ఏ ఇబ్బందీ కలగలేదా? కలిగితే రాయండి, అదేమీ తప్పు కాదు, చదివేవాళ్లకు అదే ముఖ్యం. దయచేసి స్పష్టంగా చెప్పండి.

తప్పు కాదన్నారు. రాయమన్నారు. తలుపు తీసి పట్టుకుని లోపలికి రమ్మన్నట్టే కదా? ఒక్క వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది. ఒకావిడకు మూడోసారి చికిత్స తర్వాత కళ్లు తిరగడం, ఎడమచెయ్యి పట్టు తప్పడం జరిగింది, అని. బహుశా పేపరు అప్పుడు కూడా అచ్చయ్యేది. కానీ అప్పటికి నేను ఆసుపత్రికి తీసుకెళ్లకుండా వచ్చేసి నెలలు గడిచాయి. ఇప్పుడు రాస్తే, అప్పుడెందుకు చెప్పలేదని సయా అడుగుతారు. ఒక తప్పు కప్పిపెట్టడానికి రెండోది ఎంత తేలిగ్గా వస్తుందో.

సయాకు తెలియదు, ఆయన అడగలేదు, అని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. ఆయన అడిగి ఉంటే చెప్పేదాన్నే అని. అబద్ధం. ఆయన అడిగారు. ఆ ప్రశ్న చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఎవరికైనా ఏదైనా అయిందా, థమీ? నీకు చెప్పి ఉంటారు, నాకు చెప్పరు" అన్నారు. అంత నమ్మకంగా అడిగారు. నేను ఆయన మొహం వైపు చూడకుండా, కంప్యూటర్ వైపు చూస్తూ, "లేదు సయా" అన్నాను. "అయితే అదే రాసెయ్" అన్నారు. రాసేశాను. మీరు పైన చదివిన వాక్యం అదే.

ఆ ప్రశ్న వేసిన మనిషికి మా జవాబు నచ్చింది. ధన్యవాదాలు చెప్పారు.

పేపరు వచ్చిన వారం సయా క్లినిక్ మొత్తానికి మోహింగా తెప్పించారు, ఆ నూడుల్స్ పులుసును అందరం గిన్నెలు పట్టుకుని నిలబడి తిన్నాం. ఎగతాళి చేసిన డాక్టర్లలో ఒకరిద్దరు ఫోన్ చేశారు. కుర్ర డాక్టర్లు నేర్చుకోవడానికి వచ్చారు. మా చర్చిలో సాక్ష్యాల ఆదివారం అని ఉంటుంది, దేవుడు చేసిన మేలు లేచి అందరి ముందూ చెప్పుకోవడం. మా అమ్మ మోచేత్తో పొడిచి పొడిచి నన్ను లేపింది. లేచాను. రేవులో మూటలు మోసినవాడి మునిమనవరాలి పేరు విదేశీ పత్రికలో వేయించిన దేవునికి స్తోత్రం అన్నాను. అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది వెనక బెంచీలోంచి రాహేలమ్మ అత్త. ప్రార్థన అయ్యాక దగ్గరికొచ్చి, కుడిచేత్తోనే నా తల నిమిరింది. ఎడమచెయ్యి కొంగు కింద ఉంది. "మా పిల్లే" అని పక్కవాళ్లకు చెప్పుకుంది. నేను నవ్వాను. ఎలా నవ్వానో!

ఆమె మళ్లీ పళ్లెం ఎత్తలేదు. కళ్లు తిరగడం తగ్గింది గానీ చెయ్యి బాగుపడలేదు. కొన్నాళ్లు ఇంటి దగ్గరే వడలు వేసి అమ్మాలని చూసింది. కూర్చున్నచోటికి ఎంతమంది వస్తారు? కొడుకు చదువు మానేసి పనిలో చేరాడు. తర్వాత ఆమె దలాలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది. నేను వెళ్లి చూసేదాన్ని కాదు. పడవెక్కితే నది దాటడానికి ఎంతసేపు పడుతుంది కనుక? తీరిక లేదని చెప్పుకునేదాన్ని.

ఆ ఒక్క పేపరు మీద నా బతుకు నిలబడింది. దాన్ని చూసే విదేశీ పత్రికల పని నాకు రావడం మొదలైంది. ఎవరెవరో రాసిన వైద్య పేపర్లు నాకొస్తాయి, వాటి ఇంగ్లిషు సరిచేసి పంపుతాను. కరెంటు ఉన్న గంటల్లో కూర్చుని చేస్తాను. సయా మూడేళ్ల కిందట పోయారు. వాళ్లింట్లో నన్ను కూతురి వరసలో కూర్చోబెట్టారు. ఏడ్చాను, దొంగ ఏడుపు కాదు. ఆయన బతికుండగా ఆయన బాధపడతారని చెప్పలేదన్నాను. పోయాక, పోయిన మనిషి పేరు పాడుచెయ్యడమెందుకన్నాను. సాకులకేం, పుట్టుకొస్తూనే ఉంటాయి.

కిందటి ఏడు ఒక పేపరు సరిచెయ్యడానికి వచ్చింది. ఎక్కడో దూరదేశం. ఫ్యాక్టరీ పనివాళ్ల మెడ నొప్పికి సయా పద్ధతే వాడారు. మొదటి పేజీలోనే ఉంది: యాంగాన్‌లో వీధి వ్యాపారుల మీద జరిగిన అధ్యయనంలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు కాబట్టి ఈ చికిత్సను ఎంచుకున్నాం. పక్కన మా పేపరు పేరు. దాన్ని రాసిన మనిషి దగ్గరికే ఇది వచ్చిందని వాళ్లకు తెలియదు, పత్రికల పనిలో ఎవరి దగ్గరికి ఏది వెళుతుందో ఎవరికీ తెలియదు. కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. తిరిగొచ్చి ఏం చేశాననుకుంటున్నారు? ఆ వాక్యంలో ఒక కామా తప్పుంది. సరిచేశాను. పంపించేశాను.

అది చేశాక మాత్రం నాకు అన్నం సహించలేదు. పదేళ్ల కిందటిది కుర్రతనపు పొరపాటు అనుకోవచ్చు, పేదరికం అనుకోవచ్చు, గురువుగారి మీద గౌరవం అనుకోవచ్చు. ఈ కామా ఏమిటి? ఇప్పుడు నాకు ఏం తక్కువైంది? ఎవరికి మొహమాటపడ్డాను? మొహమాటం అన్న మాట వెనక ఇంతకాలం దాక్కున్నాను. రాహేలమ్మ అత్తది మొహమాటం. నాది స్వార్థం, భయం. రెండింటినీ ఒకే గాటన కట్టి, మేమిద్దరం ఒకే జబ్బు మనుషులమన్నట్టు నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మొన్న ఒక ఆదివారం చర్చి మానేసి దలా పడవెక్కాను. ఆమె కూతురింటి అరుగు మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి పొంగిపోయింది, కాఫీ పెట్టమని కూతురికి కేకేసింది. కాఫీ రాకముందే చెప్పేశాను. ఆగితే చెప్పలేనని తెలుసు. అలా కావచ్చని నేను చదివి ఉన్నానని చెప్పాను. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందని తెలిసి కూడా తీసుకెళ్లలేదని చెప్పాను. పత్రిక వాళ్లు అడిగితే, సయా అడిగితే, ఎవరికీ ఏమీ కాలేదని రాశానని చెప్పాను.

ఆమె మొహంలో కోపం కనిపించలేదు, అర్థం చేసుకోవడానికి కష్టపడుతున్నట్టు కళ్లు చికిలించి నన్నే చూస్తోంది. ఆ రోజు వెళ్లి ఉంటే చెయ్యి దక్కేదా అని అడిగింది. దక్కేదేమో, కచ్చితంగా తెలియదన్నాను. తలూపింది. తర్వాత ఇంకో మాట అడిగింది.

"నా తరవాత మరెవులికైనా ఇలగైనాదేటి?"

"తెలీదు అత్తా. అయ్యుంటే ఎవరో ఒకరు రాయాలి. ఎవరూ రాయలేదు."

"నువ్వు రాయనేదు కదమ్మా" అంది. "ఆలెందుకు రాత్తారు?"

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. ఎన్ని దేశాల్లో, ఎన్ని క్లినిక్‌లలో, ఎంతమంది చేతులు కొంగు కింద ఉన్నాయో నాకు తెలియదు. నా పేపరు చూసి భయం లేదనుకుని మెడ అప్పగించిన వాళ్లెందరో తెలియదు. అసలెవరూ లేకపోవచ్చు. లేరని మటుకు నేను ఇంకెప్పుడూ రాయలేను.

క్షమించమని అడగలేదు. అడిగితే కాదనలేని మనిషి ఆమె. కాఫీ తాగి లేస్తే, వెళ్లిరా అంది గానీ మళ్లీ రమ్మనలేదు.

ఆ పత్రిక సంపాదకుడికి రాశాను. ఏం జరిగిందో, ఎవరికి జరిగిందో, నేనేం దాచానో. సయాకు తెలియదని కూడా రాశాను, ఆయన అడిగిన ప్రశ్నతో సహా. నా పేరుతోనే పంపాను. ఇంకా జవాబు రాలేదు. పేపరు వెనక్కి తీసుకుంటారో, కింద ఒక సవరణ వేసి ఊరుకుంటారో, నాకు పని ఇవ్వడం మానేస్తారో తెలియదు. సయా భార్య ఇంకా ఉన్నారు. ఎవరో చెప్పక ముందు నేనే వెళ్లి చెప్పాలి. రెండుసార్లు బయల్దేరి సందు చివరి దాకా వెళ్లి వెనక్కొచ్చాను. వెళతాను.

మంచిదాన్నైపోయానని కాదు. పోయిన చెయ్యి పోయిందే, పోయిన పళ్లెం పోయిందే. కాకపోతే ఇంతకాలం ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. దానికి నేనే కాపలా ఉండాల్సొచ్చేది, నిద్రలో కూడా. ఇప్పుడు ఆమెకు తెలుసు, ఆ సంపాదకుడికి తెలుసు, మీకు తెలుసు. నన్ను మీరు ఏమనుకున్నా అనుకోండి, కానీ ఇకమీదట ఇది నా ఒక్కదాని దగ్గరే లేదు.